మరలివచ్చు వస్తువులు: యలమంచిలిలో ఎనిమిది దినములు

చెన్నపట్టణమునుండి హౌరాకు పోవు రైలుమార్గమున తుని దాటిన పిమ్మట, అనకాపల్లి చేరుటకు ముందు, యలమంచిలి యను స్టేషను గలదు. వేగముగ పోవు బండ్లలో కొన్నిటికి ఇచట నిలుపుదల లేదు. కావున ఈ యూరు చాలమందికి కిటికీలోనుండి క్షణకాలము కనబడి మాయమగు పేరుపలక మాత్రమే. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోని దగు ఈ పట్టణము 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. రైలుదారియు, కలకత్తా ట్రంకురోడ్డును ఊరి నానుకొని పోవుచున్నవి. చుట్టును చెఱకు, వరి, కొబ్బరి, జీడిమామిడి. తూర్పుగ కొంతదూరము పోయినచో సముద్రము. మార్గశిరమాసమున మా పినతల్లిగారి యింట వివాహమునకై వెళ్లి మేము ఎనిమిది దినము లచట నుంటిమి.

ఈ ప్రాంతమున చూడదగిన స్థలములు లేకపోలేదు. రాంబిల్లి మండలమున పంచదార్ల యను క్షేత్రము గలదు. అచట ఊటనీరు అయిదు ధారలుగ పడుచుండును. ఎలమంచిలి చాళుక్యులని చరిత్రకారులు వ్యవహరించు రాజుల శాసనములు ఆ దేవాలయమున గలవు. మరియొక వైపున వరాహనది యొడ్డున ఏటికొప్పాక. అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి, లక్కపూసి, చెట్లనుండి తీసిన రంగులతో చేయు నచటి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గ్రామమున సహకారపద్ధతిని చక్కెర కర్మాగారము 1933లోనే స్థాపింపబడినదని విన్నప్పుడు, ఆ కాలపు రైతుల సాహసమునకు మేము మిక్కిలి సంతసించితిమి. కుంకుమభరిణె లొక అరడజనును, పిల్లలకు బొంగరములను కొంటిమి.

ఇవి యందఱు వ్రాయు విషయములే. మా మనస్సున నిలిచిపోయినవి వేఱు. వాడిన పిదప పారవేయబడక, పుట్టినచోటికో నింపుచోటికో మరలివచ్చి, శుభ్రపడియో కుట్టుపడియో మఱల బయలుదేరు వస్తువులు కొన్ని గలవు. అట్టివాని రాకపోకలను ఒక చిన్న పట్టణమున ఎనిమిది దినములు చూచితిమి. ఇల్లు నడపు స్త్రీలకు సరకు నిలువచేయుట క్రొత్త విద్య గాదు. కంది యెంత, చింతపండెంత, ఏ మాసమున కొనవలెను, ఎన్నాళ్లు వచ్చును? ఈ లెక్క మన తల్లులు కాగితము లేకయే వేసిరి. కాని మరలివచ్చు వస్తువు లెక్క ఇంతకంటె చిక్కైనది. కందులు కొన్నవారు మఱల తెచ్చి యియ్యరు గదా!

పెండ్లియింట మొదట మా కంటబడినవి వంటపాత్రలు. గుండిగలు, గంగాళములు, డేగిసాలు, జల్లిగరిటెలు, చేటలంత మూతలు. అన్నియు అద్దెకొట్టునుండి వచ్చినవే. ప్రతిదాని యంచునను ఎఱ్ఱరంగు గుర్తు. ఆ కొట్టుయజమాని పెండ్లినాడు భోజనమునకు వచ్చెనే గాని, మరునాటి తెల్లవారుజామున, మేమింకను నిద్రలో నుండగనే, ఇద్దఱు కూలీలతోను చిత్తుపుస్తకముతోను పెరటిలో నిలిచియుండెను. ఇంత తొందర యేల యని మేమడుగగా నవ్వి, “పెళ్ళినాడు ఇచ్చింది కాదమ్మా, మర్నాడు తిరిగి తెచ్చుకున్నదే నా సరుకు” అనెను. ఆ మాటలో గొప్ప యర్థము గలదు. ఒకే లగ్నమున ఊరిలో నాలుగు పెండ్లిండ్లు వచ్చును. పిమ్మట మూఢము వచ్చిన గిన్నె కదలదు. నాలుగు పెండ్లిండ్లకును చాలునన్ని గంగాళములు కొన్నచో మూఢమున వాని సొమ్మంతయు గోడవార బోర్లపడియుండును. తక్కువ కొన్నచో నిన్నటివారి గంగాళము తోమి చేరినగాని నేటివారి అన్నము ఉడుకదు. కనుక అతడు పాత్రలు కొనుటకు బదులు త్వరగ తెచ్చుకొనుటను నేర్చినాడు. మూతలు మాత్రము ప్రతి పెండ్లికిని ఒకటి రెండు పోవునట! గుండిగ నెవ్వరును దాచలేరు, మూత నెవ్వరును వెదకరు.

అద్దెకొట్టువాని రంగుగుర్తు మనకు క్రొత్తదా? గిన్నెలపై పేర్లు చెక్కించుట తెలుగింటి పురాతనాచారము. పేరంటమునకు పోయిన పళ్లెము, పురిటింటికి కారియరులో పోయిన చారు, ఇరుగింటికి పోయిన మజ్జిగచెంబు, ఇవి తిరిగి రావలెనను కోరికయే ఆ యక్షరములుగ మారినది. పూర్వము కంచరివాని కడ పాత యిత్తడి వేసి క్రొత్త యిత్తడి తెచ్చుకొనునప్పుడు తరుగు తీసి లెక్కగట్టెడివారు. ఆతనికిని ఇదే చిక్కు. పాతబిందెలు పెండ్లిండ్ల నెలలలోనే వచ్చును, క్రొత్తబిందెలు కావలసినదియు ఆ నెలలలోనే.

బజారున గోలీసోడా బండియొకటి యుండెను. గోలీసీసాను హైరం కాడ్ అను ఆంగ్లేయుడు 1870 తరువాతి యేండ్లలో రూపొందించెను. లోపలి వాయువు గోలీని పైకి త్రోసి రబ్బరుచుట్టకు అదిమిపెట్టును. అదియే బిరడా. దళసరి గాజు, మెడలో నొక్కు, లోపల గోలీ. ఇంత పనితనముగల సీసా వెల ముందు అందులోని నీటివెల లెక్కలోనికి రాదు. అందువలననే సోడావాడు సీసాను చేతికిచ్చి, త్రాగువఱకు ఎదుటనే నిలిచియుండును. ఇంటికి కొనిపోవుట కియ్యడు. మా వెంటనున్న పిల్లవాడు ప్రక్కవీథిలో త్రాగి వత్తునని యెంత బతిమాలినను ఒప్పుకొనలేదు.

ఈ కాఠిన్యమునకు చక్కని గణితము గలదు. 100 సీసాలు పంపగా ప్రతిమారును నూటికి 70 మరలివచ్చు ననుకొందము. రెండవమారు 70, మూడవమారు 49, నాలుగవమారు 34 మాత్రమే మిగులును. తుదివఱకు కూడి చూచినచో సగటున ఒక్కొక్క సీసా మూడుమార్లకు కొంచెము పైగ సోడా మోసినదని తేలును. నూటికి 90 వచ్చినచో అదే సీసా పదిమార్లు మోయును. మరలివచ్చునవి 20 పెరిగిన మాత్రాన సీసా ఆయుస్సు మూడింతలైనది! సోడావానికి ఈ లెక్క వ్రాయుట రాదు, చేయుట వచ్చును.

ఇక వంటయింటికి వత్తము. మా పినతల్లిగారి యింట గ్యాసుబండలు రెండు గలవు. ఒకటి మండుచుండగా రెండవది మూలనుండును. ప్రక్కయింటి యామెకు ఒక్కటియే. స్త్రీల పొదుపుసంఘములవారికి గ్యాసు ఇప్పించుటకై ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము వచ్చినది. పేదయిండ్లకై కేంద్రమువారు 2016 మేలో ఉజ్జ్వల పథకము తెచ్చిరి. ఇట్టి పథకములచే పొయ్యి మారిన యిండ్లు లక్షలు. కాని ఒంటిబండ యింటి యిల్లాలికి బండ అయిపోయిన దినమును, క్రొత్తది వచ్చిన దినమును ఒకటి గాకున్నచో, నడుమనున్న దినములు కట్టెలపొయ్యివే. మే మున్న దినములలోనే ఆమె పొయ్యిలో కొబ్బరిమట్టలు పెట్టి, పొగకు కన్నులు తుడుచుకొనుచు, బడికి పోవు పిల్లలకు అన్నము వార్చినది. రెండవబండ యనగా ఇనుపడబ్బా కాదు, మూడునాలుగు దినముల పొగనుండి తప్పించు నిలువ.

బండ రాకపోకలను గూర్చి మన స్త్రీలలో చాలమంది యోచింపని సంగతి యొకటి గలదు. ఖాళీబండ యిచ్చినగాని నిండుబండ యియ్యరు. ఏజెంటు గిడ్డంగిలో ఒకవైపున నిండువి, మరియొకవైపున ఖాళీవి. లారీ నిండువి దింపి ఖాళీవి నెక్కించుకొని నింపుడుకేంద్రమునకు మరలిపోవును. కొన్నవి క్రొత్తవి చేరినగాని బండల మొత్తము మారదు. కాబట్టి ఒకచోట నిలిచిపోయిన ఖాళీబండ మరియొకచోట రావలసిన నిండుబండయే. విశాఖపట్టణమున కాల్టెక్సువారి చమురుశుద్ధి కర్మాగారము 1957లో ప్రారంభమైనది. ఇపుడది హిందుస్తాన్ పెట్రోలియమువారిది. ఆ పట్టణముననే రాతిని దొలిచి భూగర్భమున గ్యాసు నిలువచేయుటకై ఒక మహాగుహ నిర్మించిరి. 2007నుండి పనిచేయుచున్న ఆ గుహలో 60,000 టన్నులు పట్టును. ఇంటిబండలో నుండునది 14.2 కిలోగ్రాములు గనుక, ఆ గుహ నిండినచో 42 లక్షల బండలకు సరిపోవును. అంత గ్యాసు సమీపముననే యున్నను, ఖాళీబండ చేరని నాడు ఒక్క పొయ్యియు వెలుగదు. గుహను నింపుట ఓడల పని. బండను త్రిప్పుట మన గుమ్మములో జరుగు పని.

మఱియు మనమందఱమును ఒక్కమారే మేల్కొందుము. సంక్రాంతికి అరిసెలు వండవలెనని ధనుర్మాసమున అందఱును బండకు చెప్పుదురు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఏడాదికి 3 బండలు ఉచితమని దీపము రెండవ పథకమును ప్రారంభించినది. అది మంచిపనియే. కాని ఉచితమైనదానికి గడువు ఉన్నపుడు గడువు మొదటనో తుదనో గుంపుగ పోవుట మానవస్వభావము. ఆ వారమున లారీలు చాలవు, తరువాతి వారమున లారీలు ఖాళీ.

మరలివచ్చిన బండ లన్నియు తిరిగి పోవుటకు తగినవి గావు. సొట్టపడినవి, మూతి కారునవి, తుప్పుపట్టినవి వేఱుచేయవలెను. పరీక్షకు గడువైనవానిని నీటిబలముతో పరీక్షింపవలెను. బండ పైభాగమున పట్టీలోపల ఒక అక్షరమును, రెండంకెలును వ్రాసియుండును. ఏ యనగా జనవరి మొదలు మార్చి, బి యనగా ఏప్రిల్ మొదలు జూను, సి యనగా జూలై మొదలు సెప్టెంబరు, డి యనగా తక్కిన మూడు నెలలు. బి-27 అని యున్నచో 2027 జూను ముగియులోపల ఆ బండకు పరీక్ష జరుగవలెనని యర్థము. గడువు దాటిన బండను గుమ్మములోనే తిరిగి పంపవచ్చును. బండ తెచ్చిన పిల్లవానిముందు టార్చిలైటు వేసి ఈ యక్షరమును చూచుటకు సిగ్గుపడనక్కఱలేదు. మా పినతల్లి చూడనిదే సంతకము చేయదు.

బొంబాయి డబ్బావాలాల మాట మీరు వినియుందురు. సుమారు 1890నుండి అచట ఇంటి అన్నము ఉద్యోగుల కార్యాలయములకు చేర్చుచు, ఖాళీడబ్బాలను సాయంకాలమునకు ఏ యింటిది ఆ యింటికి మరలించుచున్నారు. అచట ఇంటికి ఒక్క డబ్బాయే చాలునన్నచో వింతలేదు. సాయంకాలమునకు తప్పక వచ్చునను నమ్మకమే వారి రెండవ డబ్బా. రాక నిశ్చయము గానిచోటనే నిలువ హెచ్చుగ నుంచవలసివచ్చును. చెడి మరలివచ్చు యంత్రభాగముల విషయమై అమెరికా నౌకాదళమువారికి కలిగిన యీ చిక్కును 1967లో డేవిడ్ ష్రాడీ యను పండితుడు గణితమున బెట్టెను. వచ్చిన పాతవానిని కొంత పోగుపడనిచ్చి, ఒక్క విడతగ బాగుచేసి, అవి తీరినపిమ్మటనే క్రొత్తవి కొనుట మేలని ఆతని పద్ధతి. ఒక్కొక్కటిగ బాగుచేసినచో కూలి హెచ్చు, మిక్కిలి పోగుపడనిచ్చినచో చోటు చాలదు. నడుమ నెక్కడ ఆగవలెనో యాతడు సూత్రము చెప్పెను. చిరుగులబట్టల మూట విప్పి ఒక మధ్యాహ్నమున కుట్టుమిషను ముందు కూర్చుండు గృహిణికి ఆ సూత్రము క్రొత్తగ దోపదు.

కాని యింతవఱకు చెప్పినవన్నియు గోనెసంచి కథకు పీఠిక వంటివే. పెండ్లియైన మూడవనాడు ఆకాశమున మబ్బు పట్టినది. బాబయ్యగారి వరి కళ్లములో కుప్పలుగ నున్నది. నూర్పు యంత్రము వచ్చి పోయినది, ధాన్యము ఆరినది. ఎత్తుటకు గోతములు లేవు! కొనుగోలుకేంద్రమునుండి రావలసినవి నేడు వచ్చును, రేపు వచ్చునని రెండు దినములు గడచినవి. ఈ తీరమున మార్గశిరపు మబ్బు ననగా వినోదము గాదు. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుపాను నాడు కోస్తా యంతటను కోసిన వరి నీటిపాలైనది. తడిసిన ధాన్యము మొలకెత్తును, రంగు మారును, వెల పడిపోవును. ఏడాది కష్టమునకును దానికిని నడుమనున్నది ఒక నారసంచి.

ఆ సంచి ఎచటనుండి వచ్చును? క్రొత్తది వంగదేశమునుండి. 1987నాటి చట్టము ననుసరించి ప్రభుత్వధాన్యము జనపసంచులలోనే నింపవలెను. రాష్ట్రములు కలకత్తాలోని జూట్ కమీషనరుగారి ద్వారా మిల్లులకు చెప్పుకొని వారములు వేచియుందురు. మన యుత్తరాంధ్రమున గోగునార పండును. నెల్లిమర్లలోను చిట్టివలసలోను మిల్లులు వెలసినవి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. ఇక పాతసంచి సంగతి: బియ్యము మోసి చౌకధరల దుకాణమున ఖాళీయై, తిరిగి గిడ్డంగికి చేరి, అచటినుండి రైతుకళ్లమునకు రావలెను. 2020 మార్చి చివర దేశమంతయు స్తంభించినపుడు వంగదేశపు మిల్లులు మూతబడి క్రొత్తసంచి పుట్టుట యాగిపోయినది. కేంద్రప్రభుత్వము ప్లాస్టికు సంచులకును, ఒకమారు వాడిన గోనెలకును అనుమతి నిచ్చినది. రేషనుదుకాణముల మూలలనున్న ఖాళీగోనెలకై అధికారులు వెదకులాడిరి. నిన్నటివఱకు ఎవ్వరును లెక్కింపని వస్తువు ఆ వేసవిలో ధాన్యముతో సమానమైనది.

మా పినతల్లిగారి వీథిలోనే ఒక రేషనుదుకాణము గలదు. నడుపునది నలువదియేండ్ల స్త్రీ. మేము పోవునప్పటికి ఆమె గడపలో కూర్చుండి దబ్బనముతోను పురికొసతోను గోతము కుట్టుచుండెను. ఆమె వెనుక మూడు దొంతరలు. మొదటిది మంచివి. రెండవది కుట్టవలసినవి, అనగా హమాలీల కొక్కెము తగిలినవి, మూతి చిరిగినవి, ఎలుక ఒక్కచోట మాత్రమే కొఱికినవి. మూడవది చీకినవి. వచ్చిన గోనెను వచ్చిననాడే ఈ మూటిలో దేనిలో వేయవలెనో తేల్చునట. “కలిపేసి ఉంచితే లెక్కకి వంద ఉంటాయమ్మా, తీరా ఇచ్చేటప్పుడు అరవైయే” యని చెప్పెను. ఈ యొక్క మాటతో ఆమె ఎందఱో గిడ్డంగి యధికారులకంటె తెలివిగలదని మాకు తోచినది. నిలువపుస్తకములో ఖాళీగోనెలని ఒకే యంకె వ్రాసినచో, అందులో కుట్టవలసినవెన్నో చీకినవెన్నో ఆ యంకె చెప్పదు.

ఎందుకు తక్కువ వచ్చునని యడిగితిమి. ఆమె నవ్వినది.

“వానొచ్చిందంటే గోతాలకి కాళ్ళొచ్చేస్తాయమ్మా. ఒకటి గుమ్మంలో పడతాది, ఒకటి దూడమీద పడతాది, ఒకటి బడ్డీ కప్పెక్కేస్తాది. అడిగితే మాత్రం ఏటంటారు, ఒక్క గోతానికేనా అంటారు!”

నిజమే. మన యిండ్ల గుమ్మములలో కాళ్లు తుడుచుకొనుటకు పరచిన గోనె యేది? తడిపి పెరుగుకుండపై కప్పిన గోనె యేది? దీనికి తోడు డబ్బుమాట యొకటి గలదు. ఖాళీగోనెలు అమ్ముకొనగా వచ్చు రూకలు పలుచోట్ల దుకాణదారుల స్వల్పాదాయములో భాగము. బజారువర్తకు డిచ్చు వెల ప్రభుత్వ మిచ్చు వెలకంటె హెచ్చైన దినమున గోనె ఏ వైపునకు నడచునో చెప్పనక్కఱలేదు. తిరిగి రావలెననినచో తిరిగి యిచ్చువానికి గిట్టవలెను. గ్యాసుబండకు ధరావతు గలదు, సోడాసీసాకు కాపలా గలదు, గోనెకు రెండును లేవు.

ఆనాటి రాత్రి బాబయ్యగారు మేడమీద కూర్చుండి ఈ లెక్క మాకు విప్పిచెప్పిరి. 100 క్వింటాళ్ల ధాన్యమునకు సంచికి 40 కిలోల చొప్పున 250 గోతములు కావలెను. ఊకతో గూడిన ధాన్యము తేలిక గనుక అంతకుమించి పట్టదు. అది మరపట్టినచో నూటికి 67 చొప్పున 67 క్వింటాళ్ల బియ్యము. బియ్యము సంచికి 50 కిలోలు పట్టును గనుక 134 గోతములే చాలును. అవే గోతములు వాడినను తక్కిన 116 మిల్లులోనే మిగులును. మిల్లువాడు వానిని త్వరగ విడిచిపెట్టినచో అదే కోతకాలమున మరియొక రైతుకళ్లమునకు పోవును, ఆలసించినచో కోతలు ముగిసిన పిమ్మట మేల్కొనును. ఇక ఆ 134 సంగతి. ధాన్యము రెండునెలలలో కుప్పపడును గాని, బియ్యము పండ్రెండు నెలలును కొంచెము కొంచెముగ పంచబడును. అనగా దుకాణములనుండి నెలకు 11 గోతములు మాత్రమే వెలువడును. నెలకు పదునొకండుగ చేరువానిని ఆషాఢ శ్రావణ భాద్రపదముల తేమలో చీకిపోకుండ, ఎలుకల పాలుగాకుండ కాపాడి, మార్గశిరమున ఒక్క వారములో 250 కావలెనన్న రైతుచేతిలో పెట్టవలెను.

“గోతాలు తక్కువయ్యాయని అందరూ అంటారు. అవి దాచే పొడిచోటే తక్కువమ్మా” యని బాబయ్యగారి వాదము. మేము కొంతవఱకు సమ్మతించితిమి. కాని పొడిచోటు కట్టినంతమాత్రమున సరిపోదు. రాబోవు నెలలో ఎన్ని ఖాళీలు వచ్చునో ఎవ్వరును జోస్యము చెప్పనక్కఱలేదు. పోయిన నెలలో ఎన్ని నిండుసంచులు పోయినవో పుస్తకములో నున్నది. నేడు రావలసిన గోనె ఏదో నాటి నిండుసంచియే. ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి, వాని భేదమును చూచి, భాద్రపదముననే క్రొత్తవానికి కలకత్తాకు వ్రాసినచో మార్గశిరమున ఆకాశమువంక చూడనక్కఱలేదు. ఇంత సులభమైన పని కార్తికమునకు గాని మొదలుకాకపోవుట మాకు వింతగ తోచినది. స్వయంసహాయ సంఘముల స్త్రీలు ఇందిరా క్రాంతి పథము పేర ధాన్యపు కొనుగోలుకేంద్రములను నడపిన రోజులలో గోనెల పుస్తకము వారి చేతనే యుండెడిది. అప్పుడు కేంద్రమున పనిచేసిన యొకామె మా పెండ్లివారిలో నుండెను. రైతు పేర ఎన్ని యిచ్చితిమి, ధాన్యముతో ఎన్ని వచ్చినవి, ఎన్ని బాకీ యని మూడు గడులు గీసి వ్రాసెడివారమనియు, బాకీపడినవాని యింటికి సంఘపు స్త్రీలే పోయి అడిగెడివారనియు చెప్పినది. పేరంటమునకు పోయినట్లు నలుగురు కలిసి పోయెడివారట. నలుగురు స్త్రీలు గుమ్మములో నిలిచి గోనెను గూర్చి యడిగినపుడు లేదనుట కష్టము!

మఱుసటి సాయంకాలము నాలుగుగంటలకు ట్రాక్టరుపై గోతములు వచ్చినవి. క్రొత్తవానిలో కొన్ని, పాతవి యెక్కువ. పాతవానిలో మన దుకాణపు స్త్రీ పురికొసకుట్టు గలవి యుండునేమోయని మేము వెదకితిమి గాని గుర్తుపట్టలేకపోతిమి. గాలి మారినది. తూర్పున సముద్రమువైపు మబ్బు నల్లబడినది. ఇంటిల్లిపాదియు కళ్లమునకు పోయిరి. పెండ్లికుమార్తె కూడ పసుపుబట్టలతోనే వచ్చి గోతము మూతి పట్టుకొనినది. ఒకరు చేటతో ఎత్తుట, ఒకరు పట్టుట, ఒకరు కుట్టుట. దీపములు పెట్టిన తరువాత ట్రాక్టరు వెలుతురులో పని సాగినది.

తొమ్మిదిగంటలకు చివరికుప్ప యొద్ద 14 గోతములు తక్కువైనవి. దుకాణమునకు కబురు పంపగా ఆమె తన మొదటి దొంతరనుండి 6 పంపినది, పుస్తకములో వ్రాసుకొనియే పంపినది. మా పినతల్లి ఇంటికి పోయి వీథిగుమ్మములోని గోనెను దులిపి, పెరటిగుమ్మములోని దానిని విదిలించి, దూడమీది దానిని తీసి, కొబ్బరికాయలు వేసిన రెండింటిని బోర్లించి, మొత్తము 5 తెచ్చినది. ప్రక్కయింటి యామె, ఒంటిబండ యామె, ఒకటి పట్టుకొనివచ్చి, “రేపు నాది నాకిచ్చెయ్యండక్కా, కట్టెలు కప్పుకోవాల” యని చెప్పి యిచ్చినది. రెండు గోతముల ధాన్యము టార్పాలిను క్రింద మిగిలినది. అంచుల చుట్టును రాళ్లు పెట్టి యింటికి వచ్చితిమి. తెల్లవారుజామున చినుకు మొదలైనది.